అన్నం పెట్టి అమ్మిన బండి

మా ఆవిడ రొయ్యలకు డాక్టరు. నేను మనుషులకు తెలుగు చెబుతాను. ఇద్దరి దగ్గరికీ వచ్చేవి బతికి బట్టకట్టే కేసులేమీ కావు గానీ, ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లు కనీసం ప్రాణభయంతో వస్తారు. నా దగ్గరికి హాజరు కోసం వస్తారు.

డాక్టరు అనడం మా వీధివాళ్ల మాట. అసలు సంగతేమిటంటే, నాగాయలంక దాటి సముద్రం వాసన మొదలయ్యే చోట, చెరువుల మధ్య ఒక ఊళ్లో ఆక్వా ల్యాబ్ ఉంది. ఆవిడ అందులో టెక్నీషియన్. రైతులు చెరువు నీళ్లు సీసాలో పట్టుకొస్తారు, నీరసించిన రొయ్యను ప్లాస్టిక్ కవర్లో పట్టుకొస్తారు. నీళ్లలో ఉప్పెంతో, అమ్మోనియా ఎంతో, రొయ్యకు తెల్లమచ్చ ఉందో లేదో ఆవిడ చూసి చెబుతుంది. మందు వేయాలా, నీళ్లు మార్చాలా, ఉన్నపళంగా రొయ్య పట్టి అమ్ముకోవాలా అన్నది రైతు ఆ మాట మీద తేల్చుకుంటాడు. ఆవిడ నోటి మాటకు ఊళ్లో అంత విలువ. నా నోటి మాటకు వెనక బెంచీలో కూడా లేదు.

మేముండేది అవనిగడ్డలో. నేను పొద్దున బస్సెక్కి పులిగడ్డ మీదుగా బందరు వెళ్లి, ఒక ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పి సాయంత్రానికి ఇల్లు చేరతాను. ఆవిడది సరిగ్గా దానికి ఎదురు దిశ. పెళ్లయిన దగ్గర్నుంచీ మా దిశలు అంతే కాబట్టి దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

అలా ఉండగా ల్యాబ్ ఇన్‌చార్జి ఉద్యోగం మానేసి సొంత చెరువు తవ్వుకున్నాడు. ఓనరు మా ఆవిణ్ణి పిలిచి ఆ కుర్చీ ఇస్తానన్నాడు. ఏళ్ల తరబడి ఒకరి సంతకం కింద పరీక్షలు చేసిన మనిషి. ఇకమీద రిపోర్టు కింద తన సంతకమే ఉంటుందని చెప్పేటప్పుడు ఆవిడ ముఖం చూశాను. పెళ్లి రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు అంత వెలుగు లేదు. అయితే ఓనరు ఒక షరతు పెట్టాడు: తెల్లారేసరికి ల్యాబ్ తెరిచి ఉండాలి. చెరువులో ప్రాణవాయువు పడిపోయేది తెల్లవారుజామునే. రొయ్య పైకి తేలేదీ, రైతు పరిగెత్తుకొచ్చేదీ అప్పుడే. మొదటి బస్సు ఆ ఊరు చేరేసరికి ఎండెక్కుతుంది. రోజూ అంత దూరానికి పెట్రోలు పోస్తే జీతమంతా బండే తాగేస్తుంది. అందుకని ఎలక్ట్రిక్ బండి, అదీ పాతది, ఒకటి చూసుకుందామనుకున్నాం. బండి నడిస్తే ఆవిడ ఉద్యోగం నడుస్తుంది, లేకపోతే లేదు. లెక్క అంత సూటిగా ఉంది. విద్వత్తు సంగతి ఎలా ఉన్నా విద్యుత్తు సంగతి నాకు బొత్తిగా తెలియదు కనుక, తెలిసినవాళ్ల దగ్గర కొంటే మంచిదని నేనే సలహా ఇచ్చాను.

తెలిసినవాడు గుడివాడలో ఉన్నాడు. డిగ్రీలో నా పక్కన కూర్చున్నవాడు, ఇప్పుడు ముదినేపల్లి వైపు చెరువులకు చేపల మేత సరఫరా చేస్తాడు. నన్ను బావా అంటాడు, నేనూ అతన్ని బావా అంటాను. మా వైపు బావ కావడానికి చెల్లెలు అక్కర్లేదు, ఒకే బెంచీ మీద కూర్చుంటే చాలు. "మా ఇంట్లో ఆవిడ వాడిన బండి ఉంది బావా, మూల పడుంది. ఎవడికో ఇచ్చే బదులు నీకిస్తా" అని ఫోన్‌లో అన్నప్పుడు మన పుణ్యం కొద్దీ దొరికిందనుకున్నాను.

ఒక ఆదివారం ఇద్దరం వెళ్లాం. గుమ్మంలో అడుగు పెడుతూనే, "బండి చూద్దామా బావా?" అన్నాను.

"బండెక్కడికి పోతుంది బావా! ముందు భోజనం చెయ్యండి. ఏం చెల్లెమ్మా, చేపలు తింటావుగా? మీ దివిసీమ రొయ్యలంత నాజూకు కాదమ్మా మా చేపలు, కాస్త సర్దుకోవాలి."

"భలేవారే అన్నయ్యగారూ" అని మా ఆవిడ నవ్వింది.

బొమ్మిడాయల పులుసు, గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గట్టి పెరుగు. ఆయన భార్య వెనకే నిలబడి వడ్డించింది. వద్దని చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వేసేలా ఉంది. అలాంటి భోజనం చేశాక మనిషి కొనేవాడిగా మిగలడు, అల్లుడైపోతాడు. బండి చూడ్డానికి పెరట్లోకి వెళ్లేసరికి నాకు కళ్లు మూసుకుపోతున్నాయి.

బండి శుభ్రంగా ఉంది. నీలం రంగు, గీత కూడా పడలేదు. మా ఆవిడ మాత్రం దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పామర్రు రోడ్డు మీద కాస్త దూరం నడిపి చూస్తానండీ అన్నయ్యగారూ. చార్జింగ్ ఎంత దిగుతుందో తెలుస్తుంది" అంది.

నేను కళ్లతో సైగ చేశాను. ఇంటికొచ్చిన వాళ్లకు విస్తరి నిండా వడ్డించిన మనిషి ముందు, చెయ్యి కడుక్కున్న తడి ఆరకముందే, ఆయన సరుకును పరీక్షకు పెడతామా? నీళ్ల సీసా చూస్తే చాలు పరీక్ష చేయకుండా వదలని మనిషికి ఈ సంగతి ఎలా చెప్పాలో నాకు తోచలేదు.

బావ సైగ చూడనే చూశాడు. పకపకా నవ్వి, "తిప్పమ్మా, తిప్పు! ఎంత దూరమైనా తిప్పు. నా చెల్లెలికి నేను చచ్చు బండి అమ్ముతానా?" అన్నాడు.

ఆ మాట తర్వాత ఎవరు మాత్రం తిప్పుతారు? ఆవిడ సందు చివరిదాకా వెళ్లి వచ్చేసింది. బండి చప్పుడు చేయలేదు. నేనూ చేయలేదు.

ధర అడిగితే, "మన మధ్య రేటేంటి బావా, నీకు తోచింది ఇయ్యి" అన్నాడు. నాకు తోచేది ఎప్పుడూ ఎదుటివాడికే లాభం. అది అతనికి డిగ్రీ రోజుల నుంచీ తెలుసు. పైగా, "రేపు మేత లోడు మీ ఊరి మీదుగా కోడూరు వెళ్తుంది. బండి అందులో పడేయిస్తా. అంత దూరం చెల్లెమ్మ ఎండలో నడుపుకుంటూ ఎందుకు?" అన్నాడు. ఆ ప్రేమకు అక్కడికక్కడే దణ్ణం పెట్టాను. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా ఆ బండి తన కాళ్ల మీద తాను రాగలదా లేదా అన్న ఒకే ఒక్క పరీక్ష ఆ రకంగా రద్దయింది. మర్నాడు సాయంత్రం బండి మేత బస్తాల మధ్య దొరలా కూర్చుని దిగింది. వారం దాకా వీధిలో పిల్లులన్నీ దాని చుట్టూనే తిరిగాయి.

మొదట్లో బాగానే ఉంది. ఇంకా మసక ఉండగానే ఆవిడ లేచి, చున్నీ తలకు చుట్టుకుని, చప్పుడు లేకుండా వీధి మలుపు తిరిగేది. దారి పొడుగునా చెరువుల్లో ప్రాణవాయువు కోసం నీళ్లను చిలికే చక్రాలు తిరుగుతుంటాయని, ఆ నురగ మీద మొదటి వెలుతురు పడేటప్పుడు తాను అక్కడ ఉంటానని ఒకరోజు చెప్పింది. ఆవిడ అలాంటి మాటలు మాట్లాడే మనిషి కాదు. తెలుగు చెప్పేది నేను గానీ, తెల్లవారడం గురించి చెప్పుకోడానికి నా దగ్గర బస్సు కిటికీ తప్ప ఏమీ లేదు.

తర్వాత బండి ఆగడం మొదలైంది.

మామూలుగా ఆగితే చార్జింగ్ అయిపోయిందనుకోవచ్చు. ఇది మీటరులో సగం ఉందని చెబుతూనే ఆగిపోయేది. మా కాలేజీలో సిలబస్ పూర్తయిందని రాసుకునే రిజిస్టరు కూడా అంత ధైర్యంగా అబద్ధం ఆడదు. మొదటిసారి ఆగినప్పుడు నేను బందరు బస్సులో ఉన్నాను. ఫోన్ వచ్చింది.

"ఆగిపోయింది."

"చార్జింగ్ చూశావా?"

"సగం ఉందంట."

"సగం ఉంటే ఎందుకాగింది?"

"నన్నడుగుతారేంటండీ? మీ బావని అడగండి."

ఆ రోజు బండిని తోసుకుంటూ ఒక చెరువు మోటారు షెడ్డు దాకా వెళ్లిందట. అక్కడి కాపలాదారు, "రొయ్యల చక్రాల కరెంటమ్మా ఇది. బండికి పెట్టానని తెలిస్తే మా ఓనరు నన్ను చక్రానికి కట్టి తిప్పుతాడు" అన్నాడట. ఇంతలో మనిషిని గుర్తుపట్టి, "అయ్యో, మీరా మేడం! మా చెరువు టెస్టు చేసేది మీరేగా. పెట్టుకోండి, పెట్టుకోండి" అని ప్లగ్గు తనే చూపించాడట. ఆ తర్వాత ఆ దారిలో అక్కడొక షెడ్డు, ఇక్కడొక షెడ్డు ఆవిడకు పుట్టిళ్లయ్యాయి. ఏ పుట్టింట్లోనైనా కాసేపు కూర్చోక తప్పదు కదా. ల్యాబ్ తెరిచే వేళ రోజురోజుకీ జరుగుతూ వచ్చింది. ఇన్‌చార్జిగా ఆవిడ చార్జి తీసుకుంది, బండే తీసుకోవడం లేదు.

"వెళ్లి మాట్లాడండి" అంది ఆవిడ.

వెళ్లాను. బందరులో క్లాసు ముగించుకుని గుడివాడ బస్సెక్కే ముందు, ఒకరింటికి ఖాళీ చేతుల్తో ఏం వెళ్తామని లడ్డూల డబ్బా కొన్నాను. ఫిర్యాదు చేయడానికి మిఠాయి పట్టుకుని వెళ్లే జాతి ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. బావ డబ్బా అందుకుని, "బందరు లడ్డూ! నువ్వు మారలేదు బావా" అని వాటేసుకున్నాడు. ఆ వెంటనే కంచం వచ్చింది. ఈసారి పచ్చిరొయ్యలు, చింతచిగురు. రెండో వాయి అన్నంలో ఉండగా బండి సంగతి ఎత్తాను.

"ఆగుతుందా? మా దగ్గరా అప్పుడప్పుడూ అలకబూనేదిలే. మెల్లిగా నడపమను చెల్లెమ్మని. కొత్త చెయ్యి కదా, హుషారుగా తిప్పేస్తుంటది. ఇదిగో, కూర వేసుకో."

వేసుకున్నాను. నోట్లో ఆయన అన్నం పెట్టుకుని అదే నోటితో ఆయన్ని నిలదీయడం మా అమ్మ నాకు నేర్పలేదు. ఇంటికొచ్చి, మెల్లిగా నడపమన్నాడని చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం కూర?" అంది.

రెండు రోజుల తర్వాత బ్యాటరీని బండిలోంచి ఊడదీసి, బియ్యం సంచిలో పెట్టుకుని బందరు బస్సెక్కాను. పసిబిడ్డంత బరువుంది.

కండక్టరు సంచిని కాలితో తడిమి, "ఏంటి సార్, బియ్యమా?" అన్నాడు.

"బ్యాటరీ అండీ."

"పేలదు కదా?"

"పేలడానికైనా అందులో చార్జింగ్ ఉండాలి కదండీ."

కోనేరు సెంటరు వెనక సందులో ఎలక్ట్రిక్ బండ్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయన పెట్టె మూత విప్పీ విప్పకముందే నవ్వాడు. "ఇది ఆల్రెడీ ఎవరో విప్పారు సార్. ఇటు చూడండి, ఈ వరస సెల్సు నీలం, ఆ వరస ఆకుపచ్చ. మంచివి లాగేసుకుని, ఎక్కడివో ముసలివి తెచ్చి కుక్కారు. బ్యాటరీ అంటే ఉమ్మడి కుటుంబం సార్. ఒక్కడు పడుకున్నాడంటే ఇంటిల్లిపాదీ పడుకుంటారు."

"మీరు బాగుచేయలేరా?"

"చేస్తే మొత్తం మార్చాలి. ఈ బండి కంపెనీ దుకాణం కట్టేసింది, ఈ కొలత బ్యాటరీ ఇప్పుడు ఎవరూ చెయ్యట్లేదు. నేనేదో ఒకటి అతికించి ఇవ్వొచ్చు. కానీ దాని మీద తిరిగేది ఆడమనిషి అంటున్నారు. దార్లో నిప్పంటుకుంటే? వద్దు సార్, నేను ముట్టను."

నేను కాసేపు నసిగి, "అమ్మినాయనకు తెలియకుండా ఇదంతా జరిగుండొచ్చంటారా?" అన్నాను.

"జరగొచ్చు. జరక్కపోనూ వచ్చు." ఆయన మూత బిగిస్తూ నా వైపు చూశాడు. "ఆయన మంచోడని నా చేత చెప్పించుకుందామని చూస్తన్నారు మీరు. నాకేం తెలుసు సార్, నాకు బ్యాటరీయే తెలుసు."

సంచి మళ్లీ భుజాన వేసుకుని అట్నుంచి అటే గుడివాడ వెళ్లాను. ఈసారి లడ్డూలు కొనలేదు, అదొక్కటే నేను చేసిన విప్లవం. అది కూడా గుమ్మంలోనే నీరుగారింది. ఆయన భార్య అప్పుడే సున్నుండలు చుడుతూ, "అన్నయ్యగారికి వాసన తగిలినట్టుంది" అని నవ్వుతూ రెండు చేతిలో పెట్టింది. తరవాత భోజనం. మజ్జిగలోకి వచ్చేదాకా ఆగి, కూడగట్టుకుని చెప్పాను.

"బ్యాటరీ ఎవరో విప్పారట బావా. లోపల సెల్సు మార్చేశారట."

బావ చెయ్యి కంచంలో ఆగింది. "ఎవరు విప్పుంటారంటావ్?" అన్నాడు, ఇద్దరం కలిసి దొంగను పట్టుకోబోతున్నట్టు.

"నాకేం తెలుసు?"

"సర్వీసింగుకిచ్చినప్పుడు వాడెవడో నొక్కేసుంటాడు. ఎవర్ని నమ్ముతాం చెప్పు? లోకం అలా తయారైంది బావా. పెరుగు వేసుకో."

లోకం గురించి ఇద్దరం కాసేపు బాధపడ్డాం. బస్సెక్కాక గానీ నాకు అర్థం కాలేదు, మేమిద్దరం కలిసి లోకాన్ని తిట్టి విడిపోయామని, బండి మాట ఎక్కడిదక్కడే ఉందని. బ్యాటరీ బస్సులో నా కాళ్ల మధ్య ఉంది.

ఇంతలో వానలు ముదిరాయి, చెరువుల్లో జబ్బు మొదలైంది. ఒక తెల్లవారుజామున బండి నాగాయలంక దాటాక, ఏ షెడ్డూ దగ్గర లేని చోట ఆగింది. ఆవిడ వానలో తోసుకుంటూ వెళ్లేసరికి ల్యాబ్ గుమ్మంలో ఎవరూ లేరు. ఒక రైతు రొయ్యలు కవర్లో పట్టుకుని చాలాసేపు చూశాడట. చూసి చూసి, ల్యాబ్ తలుపును ఒక్క తన్ను తన్ని, అవనిగడ్డలో ఇంకో ల్యాబ్‌కు వెళ్లిపోయాడట. అక్కడికి చేరి, రిపోర్టు తీసుకుని, రొయ్య పట్టడానికి మనుషుల్ని పోగేసుకునేలోపు చెరువు సగం పోయింది. ఆ మాట ఆవిడ నాకు చెప్పేటప్పుడు తల తుడుచుకుంటోంది. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుచుకుంది.

ఓనరు ఫోన్ నా ఎదుటే వచ్చింది. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "మేడం, మీ పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ మీరు చేరనప్పుడు మీ పని ఎంత బాగుండి ఏం లాభం? ఒకటో తారీఖు నుంచి తెల్లారేసరికి ల్యాబ్ తెరిచుండాలి. కుదరదనుకుంటే ఇప్పుడే చెప్పండి, ఇంకొకళ్లని చూసుకుంటా."

"కుదురుతుందండీ" అని ఆవిడ ఫోన్ పెట్టేసి నాతో అంది, "ఆదివారం గుడివాడ వెళ్తున్నాం."

"సరే, ఫోన్ చేసి చెప్తా. పాపం, వంట..."

"ఫోన్ చెయ్యకండి."

పామర్రులో బస్సు మారేటప్పుడు నేను అలవాటు కొద్దీ బత్తాయిలు కొన్నాను. ఆవిడ సంచి వైపు చూసింది.

"ఏంటది?"

"ఖాళీ చేతుల్తో బాగోదని..."

"మనం పరామర్శకి వెళ్లట్లేదండీ."

సంచిని పక్క సీట్లో ముసలమ్మకు ఇచ్చేశాను. గుడివాడ బస్టాండులో దిగాక ఆవిడ నీళ్ల సీసా కొని నా చేతిలో పెట్టి, "ఇక్కడే కడుపునిండా తాగండి. వాళ్లింట్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదు" అంది.

"మంచినీళ్లకేముందే?"

"మంచినీళ్లతోనే మొదలవుతుంది."

తాగాను. ఎండలో నిలబడి, పరీక్షకు ముందు పుస్తకం మింగే కుర్రాడిలా గుక్క తిప్పుకోకుండా తాగాను.

బావ ఇంట్లోనే ఉన్నాడు. మమ్మల్ని చూసి, "చెప్పాపెట్టకుండా! రండి రండి" అని లోపలికి కేకేశాడు. ఆయన భార్య పళ్లెంలో రెండు గ్లాసులు పెట్టుకుని వచ్చింది.

"తీసుకోండి వదినా."

"వద్దండీ" అంది మా ఆవిడ.

"పోనీ మజ్జిగ కలపనా? ఎండన పడి వచ్చారు."

"వద్దండీ. బండి విషయం మాట్లాడటానికి వచ్చాం."

నేను కూడా తల అడ్డంగా ఊపాను. ఆ ఇల్లాలు పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది, వెనక్కి తీసుకెళ్లాలో బల్ల మీద పెట్టాలో తెలియక. మా ప్రాంతంలో ఒకరి గుమ్మం తొక్కి మంచినీళ్లు కాదన్నామంటే, ఆ ఇంట్లో చావో పంచాయితీయో జరిగి ఉండాలి.

"అదేంటమ్మా" అన్నాడు బావ. "ముందు భోంచెయ్యండి, బండి సంగతి..."

"మేం తినమండీ. బ్యాటరీలో మంచి సెల్సు తీసేసి పాతవి పెట్టారు. ఆ సంగతి మీకు తెలుసా, తెలియదా? తెలిస్తే బండి వెనక్కి తీసుకోండి. తెలియకపోయినా తీసుకోండి. చెల్లెలికి చచ్చు బండి అమ్మనని మీరే అన్నారు కదా. నా ఉద్యోగం పోయేలా ఉంది."

ఇంత మాట్లాడి ఒక్కసారి కూడా అన్నయ్యగారూ అనలేదు. అది నాకంటే ముందు అతనికి వినబడింది. నా వైపు తిరిగి, "ఏం బావా?" అన్నాడు. నేను గోడ మీద చేపల మేత కంపెనీ వాళ్ల క్యాలెండర్ చూస్తున్నాను. దాని మీద చేప కూడా నా వైపే చూస్తోంది.

"ఆవిడ చెప్పింది నిజమే" అన్నాను. అంతవరకే వచ్చింది.

బావ కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. కూర్చునేసరికి మనిషి మారిపోయాడు. రోజూ వంద మంది రైతులతో బేరాలాడే మనిషి ఆ కుర్చీలో ఉన్నాడు. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అతన్ని కలవలేదు.

"చూడండి మేడం. మీరు కొన్నవాళ్లలాగా మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ అమ్మినోడిలాగే చెబుతా. అది పాత బండి. మీరిద్దరూ వచ్చి, చూసుకుని తీసుకున్నారు. నడిపి చూసుకోండని నేనే అన్నాను, అన్నానా లేదా? మీరు సందు చివరిదాకా వెళ్లొచ్చి చాలన్నారు. నేను గ్యారంటీ ఇచ్చానా? కాయితం రాశానా? ఏం సార్, ఉందా కాయితం?"

నన్ను సార్ అన్నాడు. రోజుకు ఎంతమందో సార్ అంటారు, ఏ ఒక్కటీ తగల్లేదు. ఇది తగిలింది.

"లేదండీ" అంది మా ఆవిడ. "అన్నయ్య దగ్గర ఎవరూ కాయితం అడగరని మీకు తెలుసు."

"అన్నయ్యనే అయితే మంచినీళ్లు తాగేదానివిగా!"

నీళ్లు తాగితే అడగలేం. తాగకపోతే అడిగే హక్కు లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులో అతను ఎన్ని బస్తాలు అమ్ముకున్నాడో, ఎన్ని బండ్లు అమ్ముకున్నాడో. ఇంకో పక్క నుంచి చూస్తే, అతను పెట్టిన ప్రతి ముద్దా నిజంగా ప్రేమతోనే పెట్టాడేమో కూడా. ఆ మాట అనుకోవడమే నాకు ఎక్కువ చేదుగా ఉంది. మోసం ఒక పాత్రలో, ప్రేమ ఇంకో పాత్రలో ఉంటే ఏది తినాలో ఏది తినకూడదో తెలిసేది.

లేచి వచ్చేశాం. గేటు దాటబోతుంటే వెనక చెప్పుల చప్పుడైంది. ఆయన భార్య. చేతిలో పళ్లెం లేదు. మా ఆవిడ దగ్గరికి వచ్చి, ఇంటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది.

"నాకూ దార్లో అలాగే ఆగిపోయేది వదినా. ముదినేపల్లి రోడ్డులో రెండుసార్లు తోసుకుంటూ వచ్చాను. బాగుచేయిస్తానని ఎవరికో ఇచ్చారు. తెచ్చాక మళ్లీ అంతే."

"మరి కొనడానికి వచ్చిన రోజే చెప్పలేదేం?"

ఆ ఇల్లాలు నిజంగానే ఆశ్చర్యపోయింది. "భోజనాల దగ్గర ఎలా చెప్పను వదినా?"

మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం ఉండి, వదిలేసింది. కోపం తెచ్చుకోవడానికి నాకు మిగిలిన ఒక్క మనిషి కూడా అలా చేజారిపోయింది.

పామర్రులో బస్సు మారాం. రెండో బస్సు చల్లపల్లి దాటాక ఆవిడ కిటికీలోంచే చూస్తూ అంది, "ల్యాబ్ వెనక ఒక గది ఖాళీగా ఉంది. అద్దెకు తీసుకుంటాను."

"రోజూ రానూ పోనూ..."

"నేను రావడం లేదండీ. ఇక వస్తూ పోతూ ఉండాల్సింది మీరు."

ఏదో ఒక చమత్కారం కోసం వెతుక్కున్నాను. నోరు తెరిస్తే పనికొచ్చేవి ఏవో ఎప్పుడూ ఉంటాయి నా దగ్గర. పులిగడ్డ దాటేదాకా వెతికినా ఒక్కటీ దొరకలేదు.

ఒకటో తారీఖుకు ముందు రోజు సామాను ఆటోలో వేసుకుని వెళ్లాం. చాప, పరుపు, చిన్న గ్యాసు పొయ్యి, రెండు గిన్నెలు, బకెట్టు. మా ఇంట్లో నుంచి ఇన్ని తీసినా ఇల్లు బోసిగా అనిపించలేదు. అది ఆవిడకు నచ్చలేదనుకుంటాను, తలుపు వేస్తూ ఒకసారి లోపలికి చూసింది. గది ఇంటావిడ వరండాలో వల బాగుచేసుకుంటూ, నన్ను బకెట్టుతో సహా పరిశీలించి, "సారు కూడా ఉంటారా అమ్మా?" అంది.

"శనివారం శనివారం వస్తారండీ" అంది మా ఆవిడ, నేను నోరు తెరిచేలోపు. ముందే ఆలోచించి పెట్టుకున్న జవాబు అది.

ఇప్పుడు ల్యాబ్ తెల్లారకముందే తెరుచుకుంటుంది. రిపోర్టు కింద సంతకం ఆవిడదే. ఓనరు ఇంకో ఊళ్లో కూడా ల్యాబ్ పెడతానని, దాన్నీ చూసుకోమని అంటున్నాడట. బండి మా మెట్ల కింద ఉంది, అడిగినవాళ్లకు బాగులేదని చెప్పే ఇస్తాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బావ ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. ఇంట్లో అన్నం నేనే వండుకుంటున్నాను. ఒక్కడికి సరిపడా వండటం ఇంకా చేతకావడం లేదు, రోజూ మిగిలిపోతోంది.

మొన్న శనివారం వెళ్లి, ఆదివారం సాయంత్రం బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. వచ్చే వారం తేవాల్సినవి చెబుతోంది. దోమల చక్రాలు, చింతపండు, తన పాత స్వెట్టరు. మధ్యలో ఫోన్ మోగింది.

"చెప్పండి... ఎన్ని తేలాయి? గట్టు పక్కనా, మధ్యలోనా? చక్రాలు అన్నీ వెయ్యండి. నాలుగు రొయ్యలు కవర్లో పట్టుకుని వచ్చెయ్యండి, నేను ఇక్కడే ఉన్నా."

ఫోన్ చున్నీలో చుట్టుకుంటూ నా వైపు చూసింది. బస్సు దీపాలు మలుపులో కనబడుతున్నాయి.

"మీరు ఎక్కుతారుగా?" అంది.

"ఎక్కుతాలే. నువ్వెళ్లు."

చెరువు గట్టు మీదుగా అడ్డదారిన పడి నడిచింది. నేను ఎక్కి సీటు వెతుక్కుని కిటికీలోంచి చూసేసరికి ల్యాబ్‌లో లైటు వెలిగింది. బస్సు ఇంకా కదల్లేదు.